నూట ఎనభై ఆరు బటన్లు: చిన్న కంప్యూటర్‌కు పిన్లు చాలనప్పుడు ఏం చేసిండ్రు

పోస్ట్ పెద్దగా ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఎలక్ట్రానిక్స్ చదువుతున్నోళ్లకు ఇందులో కొంత తెలిసిందే ఉండొచ్చు. మిగతాది మన రాష్ట్ర చరిత్ర. రెండూ ఒకే లెక్క చుట్టూ తిరుగుతయి కాబట్టి కలిపి రాస్తున్న.

2019 ఏప్రిల్ 11. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్. ఓటు వేయడానికి లోపలికి పోయిన మనిషి ముందు ఒకటి కాదు, రెండు కాదు, 12 బ్యాలెట్ యూనిట్లు ఉన్నయి. బల్లల మీద ఎల్ ఆకారంలో పేర్చిండ్రు. బరిలో ఉన్న అభ్యర్థులు 185 మంది. అందులో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలె, పసుపు బోర్డు కావాలె అని ఊరూరి నుంచి వచ్చి నామినేషన్లు వేసిండ్రు. గెలుస్తమని కాదు, మా మాట వినండి అని.

ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 బటన్లు ఉంటయి. 185 మంది, పైన ఒక నోటా, మొత్తం 186. పదకొండు యూనిట్లు పెడితే 176 బటన్లే వస్తయి, ఇంకా పది మంది మిగులుతరు. అందుకే పన్నెండోది. దాదాపు 1,800 పోలింగ్ కేంద్రాలు, ఒక్కో దాంట్ల 12 పెట్టెలు. మొదట్లో పేపర్ బ్యాలెట్ పెడదామా అనే మాట కూడా నడిచింది. చివరికి ఎన్నికల సంఘం మెషిన్లతోనే పెడతమన్నది. ఎం3 అనే కొత్త రకం మెషిన్లు తెచ్చిండ్రు.

ఎవరు గెలిచిండ్రు, ఎవరు ఓడిండ్రు అనేది ఈ పోస్ట్ విషయం కాదు. నాకు పట్టుకున్న ప్రశ్న వేరే. ఈ 12 పెట్టెల ఓట్లన్నీ పోయేది ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర ఉండే ఒకే ఒక కంట్రోల్ యూనిట్‌లోకి. అది బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. లోపల ఒక బోర్డు, దాని మీద ఒక చిన్న ప్రాసెసర్. దానికి 186 బటన్లు ఎట్ల తగిలించిండ్రు? ఒక్కో బటన్‌కు ఒక్కో వైరు లాగితే 186 వైర్లు కావాలె. బయటికి కనిపించేది మాత్రం ఒక్క కేబుల్.

రాస్ప్‌బెర్రీ పై తోటి ప్రాజెక్ట్ చేసే ప్రతి స్టూడెంట్‌కు వచ్చే తిప్పలు కూడా ఇదే. బోర్డు మీద 40 పిన్లు కనిపిస్తయి. లెక్క పెట్టి చూస్తే అందులో 8 గ్రౌండ్, రెండు 5 వోల్టులు, రెండు 3.3 వోల్టులు. అంటే 12 కరెంటుకే పోయినయి. మిగిలిన 28లో రెండు పైన పెట్టే బోర్డును గుర్తుపట్టే చిప్ కోసం పక్కకు పెట్టినవి. మనకు నికరంగా దొరికేది 26. సంతలో బస్తా కొన్నప్పుడు గోనె సంచి బరువు తీసేసి తూకం చూసుకున్నట్టు, బోర్డు కొన్నప్పుడు కూడా పై లెక్క చూడొద్దు, నికరం చూడాలె.

పుట్టుకతోనే కరువు

ఈ పిన్ల కరువు రాస్ప్‌బెర్రీ పై తోటి మొదలు కాలేదు. ప్రపంచంలో మార్కెట్‌కు వచ్చిన మొదటి మైక్రోప్రాసెసర్ ఇంటెల్ 4004. 1971 నవంబర్‌లో ప్రకటించిండ్రు. జపాన్‌కు చెందిన బిజికామ్ అనే కంపెనీ క్యాలిక్యులేటర్ల కోసం చిప్‌లు అడిగితే తయారైంది. ఆ చిప్‌కు ఉన్న కాళ్లు 16. అంతే. ఒక బ్యాలెట్ యూనిట్ మీద ఉన్న బటన్లు ఎన్నో అన్ని కాళ్లు. కరెంటుకు, క్లాక్‌కు, మెమరీతో మాట్లాడడానికే అవి సరిపోవు. అడ్రస్, డేటా రెండూ అవే నాలుగు తీగల మీద వంతులవారీగా పోయేవి.

మరి క్యాలిక్యులేటర్‌కు కీబోర్డు ఉండాలె కదా, అంకెలు అచ్చు వేసే ప్రింటర్ ఉండాలె కదా? అందుకని ఇంటెల్ వాళ్లు ఆ ప్రాసెసర్‌తో పాటే ఇంకో చిప్ చేసిండ్రు. దాని పేరు 4003. అది షిఫ్ట్ రిజిస్టర్. ప్రాసెసర్ ఒక్క తీగ మీద ఒకటి తర్వాత ఒకటిగా బిట్లు పంపుతది, ఈ చిప్ వాటిని వరుసగా జరుపుకుంట పోయి పది కాళ్ల మీద నిలబెడుతది. ఇంకా పది కావాలంటే ఒక 4003 తోకకు ఇంకో 4003 కట్టుకోవచ్చు. ప్రాసెసర్ చరిత్రలో 4004ను, దాన్ని చేసిన ఫెడరికో ఫాజిన్, టెడ్ హాఫ్, స్టాన్ మేజర్, మసతోషి షిమాలను అందరూ తలుచుకుంటరు. 4003ను తలిచేవాళ్లు తక్కువ. నా లెక్కన దాన్ని కూడా అంతే గుర్తుపెట్టుకోవాలె. మొదటి ప్రాసెసర్ పుట్టిన నాడే పిన్లు పెంచే చిప్ కూడా దాని పక్కన పుట్టింది.

బడిలో ప్రార్థనకు పిల్లలను గేటు లోపలికి ఒక్కొక్కరిని పంపుతరు కదా. గేటు ఒకటే, లోపల వరుసలో మాత్రం ఎంతమందైనా నిలబడొచ్చు. షిఫ్ట్ రిజిస్టర్ చేసేది అదే. అందరూ వరుసలోకి వచ్చినంక సార్ విజిల్ వేస్తే ఒకేసారి చేతులు ఎత్తుతరు. ఇప్పుడు మనం వాడే 74హెచ్‌సీ595 లో ఆ విజిల్‌కు వేరే పిన్ ఉంటది, దాన్ని లాచ్ అంటరు. మూడు తీగలతో ఎనిమిది అవుట్‌పుట్లు, ఇంకో చిప్ కడితే పదహారు, తీగలు మాత్రం ఆ మూడే. బటన్లు చదవాలంటే దీనికి తిరగేసి పని చేసే 74హెచ్‌సీ165 ఉంది.

తర్వాత వచ్చిన 8085 మనలో చాలామందికి ల్యాబ్‌లో పరిచయం. దానికి 40 కాళ్లు. అయినా అదే కథ. కింది ఎనిమిది అడ్రస్ తీగలనే డేటాకు కూడా వాడుకుంటది, ఏది ఎప్పుడో చెప్పడానికి ఏఎల్ఈ అని ఒక సిగ్నల్. నేరుగా బయటి ప్రపంచంతో మాట్లాడే కాళ్లు అంటే ఎస్ఐడీ, ఎస్ఓడీ రెండే. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అందుకే ల్యాబ్ కిట్‌లో ప్రాసెసర్ పక్కనే 8255 అని అంతే పొడుగున్న ఇంకో చిప్ కనిపిస్తది. దానికి కూడా 40 కాళ్లే, కానీ అందులో 24 మనకోసం. పోర్ట్ ఏ, పోర్ట్ బీ, పోర్ట్ సీ, ఒక్కోటి ఎనిమిది. కంట్రోల్ వర్డ్ 80హెచ్ పంపితే మూడూ అవుట్‌పుట్లు అయితయి, 9బీహెచ్ పంపితే మూడూ ఇన్‌పుట్లు. ఇది ప్రాక్టికల్స్ ముందు రోజు రాత్రి హాస్టల్ వరండాలో అందరూ బట్టీ పట్టే విషయం. కానీ 80హెచ్ ఎందుకు, అసలు 8255 ఎందుకు వచ్చింది అని ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ప్రాసెసర్‌కు చేతులు చాలక ఇంకొకరి చేతులు అరువు తెచ్చుకున్నది. అందుకే వచ్చింది.

హైదరాబాద్‌లో తయారైన పెట్టె

షాద్‌నగర్ నుంచి శంషాబాద్ మీదుగా హైదరాబాద్ దాటి అటు చివరకు పోతే ఈసీఐఎల్ వస్తది. బస్సు బోర్డుల మీద ఆ పేరు చూసి, అది ఒక ఏరియా పేరు అని చాలామంది అనుకుంటరు. అది ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద మొదలైంది. దాని వెనుక ఉన్న మనిషి డాక్టర్ అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు ఊరి నుంచి వచ్చినాయన. ఇప్పుడు ఏఎస్ రావు నగర్ అంటున్నది ఆయన పేరే. (నిజామాబాద్ పోలింగ్ జరిగిన ఏప్రిల్ 11 కూడా ఈసీఐఎల్ పుట్టినరోజే. ఎవరూ అనుకొని పెట్టింది కాదు.)

1977లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్. శక్ధర్ ఎలక్ట్రానిక్ మెషిన్ ఆలోచన బయటపెట్టిండు. తయారుచేసే పని ఈసీఐఎల్‌కు అప్పజెప్పిండ్రు. 1979లో నమూనా తయారైంది, 1980 ఆగస్ట్ 6న పార్టీల ప్రతినిధులకు చూపించిండ్రు. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా కలిసింది. 1982 మే 19న కేరళలోని పరవూర్ అసెంబ్లీ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడిండ్రు. చట్టంలో మెషిన్ అనే మాటే లేదు, ఇది చెల్లదు అని 1984 మార్చి 5న సుప్రీంకోర్టు చెప్పింది. 1988 డిసెంబర్‌లో చట్టం సవరించి 61ఏ అనే సెక్షన్ పెట్టిండ్రు. అప్పుడు కూడా వెంటనే రాలేదు. 1998 నవంబర్‌లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలో 16 అసెంబ్లీ స్థానాల్లో వాడి చూసి, 2004లో దేశమంతా పెట్టిండ్రు.

ఈ మెషిన్ ఏర్పాటు చూడండి. కంట్రోల్ యూనిట్ ఒకటి, బ్యాలెట్ యూనిట్ ఒకటి, మధ్యలో ఐదు మీటర్ల కేబుల్. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 బటన్లు. 16 మంది కంటే ఎక్కువ ఉంటే రెండో బ్యాలెట్ యూనిట్‌ను తెచ్చి మొదటి దానికే గుచ్చాలె. మూడోదాన్ని రెండోదానికి. మన తండాలో బోనాల రోజు సీరియల్ బల్బుల తీగలు ఒకదాని తోకకు ఒకటి తగిలించుకుంట పోయినట్టు. కంట్రోల్ యూనిట్ వైపు సాకెట్ మాత్రం ఒకటే.

మరి నొక్కింది మొదటి పెట్టెలో ఐదో బటనా, మూడో పెట్టెలో ఐదో బటనా అని ఎట్ల తెలుస్తది? పాత మెషిన్లలో ప్రతి బ్యాలెట్ యూనిట్ లోపల నాలుగు స్థానాలున్న ఒక చిన్న జరిపే స్విచ్ ఉంటది. దాన్ని 1, 2, 3, 4 అని పెట్టి సీల్ వేస్తరు. పెట్టె తన నంబర్ తాను చెప్పుకుంటది. 16 నాలుగుల 64. అందుకే పాత మెషిన్లలో 64 వరకే. అది దాటితే పేపర్ బ్యాలెటే దిక్కు.

2010లో హైదరాబాద్ ఇంజినీర్ హరిప్రసాద్, అమెరికాలో ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి రోప్ గోంగ్రైప్ కలిసి ఒక పాత మెషిన్‌ను విప్పి లోపల ఏముందో పేపర్ రాసిండ్రు. దాని భద్రత మీద చాలా గొడవ నడిచింది, అది వేరే పెద్ద చర్చ, ఇక్కడ పెట్టను. ఎలక్ట్రానిక్స్ స్టూడెంట్‌గా నాకు అందులో నచ్చింది సర్క్యూట్ వర్ణన. కంట్రోల్ యూనిట్‌లో ఒక హెచ్8 రకం మైక్రోకంట్రోలర్. ఓట్లు దాచే రెండు మెమరీ చిప్‌లు దానికి ఐ2సీ అనే రెండు తీగల బస్ మీద తగిలించి ఉన్నయి. ఆ బ్యాలెట్ యూనిట్‌లో ప్రాసెసర్ లేదు, లాజిక్ చిప్‌లు మాత్రమే. అంటే అది పూర్తిగా ఇన్‌పుట్, అవుట్‌పుట్ పెంచే పెట్టె. 4003 పక్కన 4004 ఎట్లనో, 8255 పక్కన 8085 ఎట్లనో, అట్లనే.

నల్లగొండ 480

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలె. నాకు ఈ మొత్తం కథలో ముఖ్యమైన ముక్క ఇదే.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడిండ్రు. ఎందుకంటే నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పండ్లు పచ్చబడి, ఎముకలు వంగిపోయిన ఊర్లు అవి. కృష్ణా నీళ్లు పక్కనుంచి పోతుంటే మాకు చుక్క లేదు అని జలసాధన సమితి, దుశర్ల సత్యనారాయణ నడిపిన ఉద్యమం. ధర్నాలు చేసిండ్రు, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నామినేషన్లు వేసిండ్రు. బ్యాలెట్ పేపర్ ఒక పుస్తకం అయ్యింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడిండ్రు, అక్కడా రైతుల ఉద్యమమే.

మెషిన్ భాషలో చెప్తే 480 అంటే 30 బ్యాలెట్ యూనిట్లు. అప్పటి మెషిన్‌కు పట్టేది నాలుగు.

1996లోనే చట్టం మార్చిండ్రు. లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలు ఉండేది, 10,000 చేసిండ్రు. అసెంబ్లీకి 250 నుంచి 5,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. ఇండిపెండెంట్‌గా నిలబడాలంటే పది మంది ప్రతిపాదించాలె అని పెట్టిండ్రు. 1996లో దేశం మొత్తం మీద 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మంది. తర్వాత డిపాజిట్ ఇంకా పెరిగింది, ఇప్పుడు లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000. ఎస్టీలకు 12,500, 5,000.

నల్లగొండ కోసం మాత్రమే ఆ చట్టం చేసిండ్రు అని నేను అనను. ఊరికే సరదాకు నిలబడేటోళ్లను తగ్గించాలె అనే వాదన చాలా ఏండ్లుగా ఉంది, దాంట్ల కొంత న్యాయం కూడా ఉంది. కానీ ఒక ఇంజినీర్ ఇట్లాంటి లెక్క ముందు కూర్చుంటే రెండు దార్లు కనిపిస్తయి. ఇన్‌పుట్లు ఎక్కువైనయి, పిన్లు చాలట్లేదు. ఒకటి, ఇన్‌పుట్లు తగ్గించు. రెండు, పిన్లు పెంచు. 1996లో పట్టింది మొదటి దారి. మా బాపు లాంటి మనిషికి 250 రూపాయలు వేరు, 12,500 వేరు.

రెండో దారి పట్టడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. 2013 తర్వాత వచ్చిన ఎం3 మెషిన్‌కు 24 బ్యాలెట్ యూనిట్లు కట్టొచ్చు. 16 ఇరవై నాలుగుల 384, నోటాతో కలిపి. నాలుగు స్థానాల స్విచ్ పోయి 24 వరకు నంబర్ పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. ఒక యూనిట్ ఇంకో యూనిట్‌ను డిజిటల్ సర్టిఫికెట్‌తో గుర్తుపట్టే పద్ధతి కూడా పెట్టిండ్రు, ఎక్కడిదో పెట్టె తెచ్చి గుచ్చితే పని చేయకుండా. నిజామాబాద్‌లో 12 యూనిట్లు వాడారంటే దాని శక్తిలో సగం వాడినట్టు. నల్లగొండ 480 మంది మళ్లీ వస్తే ఎం3 కూడా చాలదు, అది వేరే సంగతి.

నోటా సంగతి కూడా చెప్పాలె. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు చెప్పినంక అది వచ్చింది. అప్పటినుంచి ఒక బటన్ దానికే. అంటే ఒక యూనిట్‌తో అయిపోవాలంటే అభ్యర్థులు 15 మందికి మించొద్దు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 47 మంది. నోటాతో 48, సరిగ్గా మూడు యూనిట్లు, ఒక్క బటన్ కూడా ఖాళీ లేదు. 2023లో ఎల్‌బీ నగర్‌లో 48 మంది. నోటాతో 49. ఒక్క మనిషి ఎక్కువైనందుకు ప్రతి పోలింగ్ కేంద్రంలో నాలుగో యూనిట్, అందులో ఒకే ఒక్క బటన్ పనికి. బోర్డు ప్రాజెక్ట్ చేసినోళ్లకు ఈ బాధ తెలుసు. 17వ స్విచ్ కోసం రెండో చిప్ కొనాల్సి వస్తది.

ఇంకో చిన్న మాట. మా యాడికి అక్షరాలు రావు. గుర్తు చూసి, బటన్ నొక్కి, బీప్ వచ్చేదాకా వేలు తీయదు. 12 పెట్టెల సంగతి చెప్తే "మన గుర్తు ఏ పెట్టెలో ఉందో ఎతుక్కునేసరికి వెనకున్నోళ్లు తిట్టరా" అన్నది. నిజమే. పిన్లు పెంచడం ఇంజినీర్‌తో అయితది, ఎతుక్కోవడం ఓటరు మీద పడుతది. కండ్లు కనిపించనోళ్ల కోసం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు పెట్టడం కూడా మొదట మన దగ్గరే ప్రయత్నం చేసిండ్రు, 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో.

రెండు తీగలు

పెట్టె తన నంబర్ తాను చెప్పుకోవడం అనే ఆలోచన మన బోర్డుల్లో ఐ2సీ పేరుతో ఉంది. 1982లో నెదర్లాండ్స్ కంపెనీ ఫిలిప్స్ తయారుచేసింది. టీవీ లోపల చిప్‌ల మధ్య వైర్లు ఎక్కువై పోతున్నయని, అన్ని చిప్‌లను రెండే తీగల మీద కూర్చోబెట్టిండ్రు. ఒకటి క్లాక్, ఒకటి డేటా. ప్రతి చిప్‌కు ఒక నంబర్. హాజరు పట్టీలో సార్ నంబర్ పిలిస్తే ఆ నంబర్ వాడే పలికినట్టు, మిగతావి ఊకుంటయి.

ఈ బస్ మీద పిన్లు పెంచే చిప్‌లలో పీసీఎఫ్8574కు ఎనిమిది పిన్లు. ఎంసీపీ23017కు పదహారు. దానికి ఏ0, ఏ1, ఏ2 అని మూడు కాళ్లు ఉంటయి. వాటిని గ్రౌండ్‌కో, ప్లస్‌కో కడితే ఎనిమిది వేర్వేరు నంబర్లు వస్తయి. బ్యాలెట్ యూనిట్‌లో నంబర్ స్విచ్ ఎట్లనో ఈ మూడు కాళ్లు అట్ల. ఎనిమిది చిప్‌లు, ఒక్కో దానికి 16, మొత్తం 128 పిన్లు, రాస్ప్‌బెర్రీ పై నుంచి వాడింది రెండే.

పై కూడా తన దారిలో తాను పెరిగింది. 2012 ఫిబ్రవరి 29న వచ్చినప్పుడు 26 పిన్ల వరుస, అందులో మనకు దొరికేవి 17. 2014 జూలైలో బీ ప్లస్ మోడల్‌కు 40 చేసిండ్రు. పాత 26ను కదిలించలేదు, అదే చోట ఉంచి కింద 14 కలిపిండ్రు. పాత బోర్డుల కోసం చేసినవి పాడు కాకుండా. అప్పటినుంచి 2023లో వచ్చిన పై 5 దాకా ఆ 40 అట్లనే ఉన్నయి. చిప్ మాత్రం ఎన్నోసార్లు మారింది.

మా హాస్టల్ లెక్క

ఇదంతా ఎందుకు తవ్విన అంటే, మా హాస్టల్‌లో 36 గదులు. రాత్రి ఎవరికన్నా జ్వరం ఎక్కువైతే, ఫిట్స్ వస్తే, పక్క గదోడు లేచి వాచ్‌మెన్ దగ్గరికి ఉరకాలె. ప్రతి గది తలుపు పక్కన ఒక బటన్ పెట్టి, కింద ఏ గదిలోంచి పిలుపో తెలిసేలా చేద్దామని నేను, ఇంకో ఇద్దరం అనుకున్నం. సీనియర్ అన్న ఒకాయన తన పాత పై ఇచ్చిండు. 36 బటన్లు, 26 పిన్లు.

బటన్లను ఆరు వరుసలు, ఆరు నిలువులుగా గళ్లలా కడితే 12 పిన్లతో 36 చదవొచ్చు. క్యాలిక్యులేటర్ కీబోర్డు పద్ధతి అదే. ఖర్చు తక్కువ. కానీ గళ్లలో మూడు మూలల బటన్లు ఒకేసారి నొక్కితే, ఎవరూ నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టు కనిపిస్తది. దాన్ని దయ్యం కీ అంటరు. ప్రతి బటన్‌కు ఒక డయోడ్ పెడితే పోతది. క్యాలిక్యులేటర్‌లో ఎవరూ మూడు కలిపి నొక్కరు. హాస్టల్‌లో తిండి పడక ముగ్గురు నలుగురికి ఒకేసారి కడుపునొప్పి వచ్చే రాత్రులు ఉంటయి. లేని గదికి వాచ్‌మెన్ పోయి, ఉన్న గది ఆగిపోవద్దు. అందుకే మేం గళ్ల పద్ధతి వద్దనుకున్నం.

ఎంసీపీ23017 మూడు తీసుకుంటున్నం. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. పాత పుస్తకాల్లో, వీడియోల్లో 16 పిన్లూ ఇన్‌పుట్‌కు పనికొస్తయనే ఉంటది. కంపెనీ కొత్త డేటాషీట్‌లో జీపీఏ7, జీపీబీ7 రెండింటిని అవుట్‌పుట్‌కే వాడమని ఉంది. అంటే ఒక చిప్‌కు నికరం 14 ఇన్‌పుట్లు. మూడు పద్నాలుగుల 42. 36 పోను ఆరు మిగులుతయి, బాత్‌రూమ్‌ల దగ్గర, వంటగది దగ్గర పెట్టుకోవచ్చు. ఆ అవుట్‌పుట్ పిన్లు ఆరు కూడా వృథా కాదు, ఒక్కో అంతస్తుకు ఒక లైటు, ఒక బజర్.

ఇంకో జాగ్రత్త కరెంటుది. పై పిన్లు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే కాలిపోతయి. చిప్‌కు కూడా 3.3 ఇచ్చి నడపాలె. మార్కెట్‌లో దొరికే కొన్ని రెడీమేడ్ మాడ్యూల్స్‌లో ఐ2సీ తీగలను 5 వోల్టులకు లాగే రెసిస్టర్లు ఉంటయి, చూసి కొనాలె.

ఐ2సీ తీగలను మూడు అంతస్తులు లాగొద్దు. ఆ బస్ ఒక బోర్డు మీద ఉన్న చిప్‌ల కోసం పుట్టింది. తీగ పొడుగు పెరిగితే కెపాసిటెన్స్ పెరిగి సిగ్నల్ మెత్తబడుతది, హద్దు 400 పికోఫారడ్లు. అందుకని మూడు చిప్‌లూ పై పక్కనే ఒక డబ్బాలో ఉంటయి. గదుల నుంచి వచ్చేవి మామూలు బటన్ తీగలు. అవి పొడుగైనా ఫర్వాలేదు, కానీ పక్కన ఫ్యాన్ వైరు పోతుంటే దాని గోల ఎక్కుతది. చిప్ లోపల ఉన్న పుల్-అప్ రెసిస్టర్ 100 కిలోఓమ్‌లు, అది చాలా బలహీనం. బయట ఒక్కో లైనుకు 4.7 కిలోఓమ్‌లది పెట్టి, బటన్ 50 మిల్లీసెకన్లు నొక్కి ఉంటేనే లెక్కలోకి తీసుకునేలా ప్రోగ్రామ్ రాస్తున్నం.

చిప్‌ల నంబర్లు ఇట్ల పెట్టినం. గ్రౌండ్ ఫ్లోర్ చిప్‌కు మూడు కాళ్లూ గ్రౌండ్‌కు, అంటే హెక్స్‌లో 20. మొదటి అంతస్తుకు ఏ0 ఒక్కటి ప్లస్‌కు, 21. రెండో అంతస్తుకు ఏ1 ప్లస్‌కు, 22. అంతస్తుకు 12 గదులు కాబట్టి ప్రతి చిప్‌లో రెండేసి ఇన్‌పుట్లు ఖాళీ. తీగలు గ్రౌండ్ ఫ్లోర్ వరకు లాగడం అయిపోయింది, పై రెండు అంతస్తులవి సెమిస్టర్ పరీక్షలు అయినంక.